మడత చాకు పిడిలోని పనితనం

మూసి ఉన్న మడత చాకులో కనిపించేదంతా పిడే. తెరవగానే చూపు పదును మీదికి పోతుంది, పిడి సంగతి మరిచిపోతాం. పనితనంలో పెద్ద వాటా మాత్రం పిడిదే. వంటింటి కత్తికి పిడి పట్టుకోవడానికే పనికొస్తుంది. మడత చాకులో దాని బాధ్యత చాలా ఎక్కువ. బ్లేడు తిరిగే ఇరుసును అది మోయాలి. బిగువుగా వంచి పెట్టిన ఉక్కు స్ప్రింగును ఏళ్ళ తరబడి అదిమి పట్టుకోవాలి. మూసినప్పుడు పదునుకు ఒర కావాలి. ఇన్ని చేస్తూనే జేబులో గుచ్చుకోకుండా, అరచేతిలో ఒరుసుకోకుండా నున్నగా ఉండాలి. ఎముక, కొమ్ము, కర్ర, ఇత్తడి, ఉక్కు లాంటి ఒకదానికొకటి సరిపడని పదార్థాలను చేర్చి ఇదంతా సాధిస్తారు.

నేను చెప్పబోయేది స్లిప్‌జాయింట్ అనే పాత తరహా చాకు గురించి. దీనికి తాళం ఉండదు. స్ప్రింగు ఒత్తిడి ఒక్కటే బ్లేడును తెరిచిన చోట, మూసిన చోట నిలబెడుతుంది. ఇంగ్లండులో షెఫీల్డ్, జర్మనీలో జోలింగెన్, ఫ్రాన్సులో తియేర్ పట్టణాలు తరతరాలుగా ఈ పనికి పేరు పడ్డవి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఆ విద్యను ఇప్పటికీ నిలబెట్టింది. 1889 నుంచి తన చరిత్రను లెక్కపెట్టుకునే కేస్ కంపెనీ అక్కడి బ్రాడ్‌ఫర్డ్ ఊళ్ళో ఉంది. 2006లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ ఆ రాష్ట్రంలోనే టైటస్‌విల్‌లో ఉంది. ఈ రెండో కంపెనీ వయసు చిన్నదే అయినా, చేసే చాకుల రూపాలు, వాటిని కూర్చే తీరు పందొమ్మిదో శతాబ్దానివి.

ఒక బ్లేడు చాకును విప్పదీశామనుకుందాం. వీపు వైపు పొడుగునా ఒక ఉక్కు స్ప్రింగు. దానికి అటొకటి, ఇటొకటి పల్చని లోహపు రేకులు. ఇవి చాలావరకు ఇత్తడివి, మందం అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. ఈ రేకులే చాకుకు అస్థిపంజరం. రేకుల మీద బయటి వైపు పిడి పలకలు. అంటే మన చేతికి తగిలే ఎముకో, కర్రో, కొమ్మో. పలకల చివర్లలో లోహపు దిమ్మెలు ఉంటాయి, వీటిని బోల్స్టర్లు అంటారు. రోకలి కర్ర చివర పగలకుండా పొన్ను తొడిగినట్టే, పిడిలో ఎక్కువ ఒత్తిడి పడే చివరల్ని ఈ బోల్స్టర్లు కాస్తాయి. వీటన్నిటినీ అడ్డంగా గుచ్చి కలిపేవి శీలలు. బ్లేడుకు ఇరుసుగా ఒకటి, స్ప్రింగు నడుమ ఒకటి, వెనక చివర ఒకటి.

స్ప్రింగును రెండు చోట్లే బిగిస్తారు, నడుమ శీల దగ్గర, వెనక శీల దగ్గర. ముందు కొస స్వేచ్ఛగా ఉండి బ్లేడు మొదలు మీద ఆనుతుంది. స్ప్రింగును తయారు చేసేటప్పుడే కొద్దిగా లోపలికి వంచి ఉంచుతారు. కాబట్టి బ్లేడు కదలక ముందే అది బలంగా నొక్కుతూ ఉంటుంది. బ్లేడు ఉక్కుకూ స్ప్రింగు ఉక్కుకూ ఒకే కాఠిన్యం ఇవ్వరు. బ్లేడు పదును నిలవాలి, అందుకని గట్టిగా ఉంచుతారు. స్ప్రింగు వేలసార్లు వంగి లేవాలి, అందుకని కాస్త మెత్తబరుస్తారు. వేలి గోటిని బ్లేడు మీది గాడిలో పెట్టి లాగితే, దాని మొదలు స్ప్రింగు కొసను పైకి ఎత్తుతుంది. మొదలుకు ఉన్న మూల దాటగానే స్ప్రింగు టక్కున కిందికి దిగుతుంది. ఆ చప్పుడులోనే చాకు మంచిచెడ్డలు తెలిసిపోతాయని దీని అభిమానులు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. బ్లేడు మొదలు, స్ప్రింగు కొస ఎంత నిఖార్సుగా ఆనుతున్నాయో అది చెబుతుంది.

బ్లేడు మొదలును చతురస్రంలా చెక్కితే సగం తెరిచినప్పుడు కూడా అది ఒక క్షణం నిలుస్తుంది. మూలల్ని గుండ్రం చేస్తే ఆగకుండా జారిపోతుంది. రెంటికీ అభిమానులు ఉన్నారు. సగంలో ఆగే చాకు మూసేటప్పుడు వేళ్ళకు ఒక హెచ్చరిక ఇస్తుంది కాబట్టి నేను దాని పక్షం. అలా ఆగే చాకును చేసేవాడికి అసలు పరీక్ష అక్కడే. మూసినప్పుడు, సగం తెరిచినప్పుడు, పూర్తిగా తెరిచినప్పుడు స్ప్రింగు వీపు రెండు రేకుల అంచులతో సరిసమానంగా ఉండాలి. వేలితో తడిమితే మెట్టు తగలకూడదు. అందుకు బ్లేడు మొదలులోని మూడు ముఖాలూ ఇరుసు నుంచి సరైన దూరంలో ఉండాలి. చేతితో చేసేవాళ్ళు స్ప్రింగు ఎత్తుపల్లాలు కొలిచే గడియారం లాంటి సాధనం పెట్టుకుని, ఆకురాయితో రెండు తోపులు తోసి, మళ్ళీ కూర్చి, మళ్ళీ కొలుస్తారు. ఎక్కువ తీసేస్తే తిరిగి పెట్టడానికి వీల్లేదు, ఇంకో బ్లేడు చేసుకోవాల్సిందే.

మందం సంగతి ఇంకా సున్నితం. బ్లేడు రెండు రేకుల మధ్య తిరగాలంటే, వాటిని విడదీసి ఉంచే స్ప్రింగు బ్లేడు మొదలు కంటే ఒక్క పిసరు మందంగా ఉండాలి. ఎక్కువైతే బ్లేడు పక్కలకు ఊగుతుంది, తక్కువైతే బిగుసుకుపోతుంది. కొందరు పనివాళ్ళు శీల తల కొట్టేముందు బ్లేడు పక్కన మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందమున్న రేకు ముక్కను దూర్చి, కొట్టడం అయ్యాక లాగేస్తారు. ఆ ఖాళీయే బ్లేడు తిరగడానికి చోటు.

రెండు మూడు బ్లేడులు ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. మూసినప్పుడు అవి ఒకదాన్నొకటి గీసుకోకుండా మొదలు దగ్గర కంటికి ఆనీ ఆననంత వంపు ఇచ్చి పక్కకు తప్పిస్తారు. తెరిచి వెన్ను వైపు నుంచి చూస్తే ఆ వంపు కనిపిస్తుంది. తెలియనివాళ్ళు బ్లేడు వంకరపోయిందనుకుంటారు. అది కావాలని చేసిందే.

ఇక బోల్స్టర్. దీన్ని ఎక్కువగా నికెల్ సిల్వర్‌తో చేస్తారు. మన ఇళ్ళల్లో పూజాసామాన్లుగా కనిపించే జర్మన్ సిల్వర్ ఇదే. రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం, వెండి ఇందులో ఉండదు. ఇరుసు శీల ఈ బోల్స్టర్ గుండానే పోతుంది. బోల్స్టర్ రంధ్రాన్ని బయటివైపు కాస్త వెడల్పు చేసి, అదే మిశ్రమంతో చేసిన శీలను దూర్చి, కొస మీద చిన్న సుత్తితో దెబ్బ మీద దెబ్బ వేస్తారు. మెత్తని లోహం పరుచుకుని ఆ వెడల్పంతా నింపేస్తుంది. పైన మిగిలిన దాన్ని అరగదీసి మెరుగు పెడితే శీల ఎక్కడుందో కనిపించదు. చాకు బరువంతా మోసే ఇరుసు బోల్స్టర్‌లో కలిసిపోతుంది. మంచి చాకును వెలుతురులో ఎటు తిప్పి చూసినా అక్కడ చిన్న వలయం గీత కూడా పడదు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ గౌరవం కలిగించేది ఇదే.

శీలలతో కూర్చిన చాకు ముక్కలుగా ఉన్నప్పుడు పూర్తి కాదు. కలిపిన తరువాతే దానికి రూపం వస్తుంది. రేకు, పలక, బోల్స్టర్, స్ప్రింగు అన్నీ కాస్త పెద్దవిగానే ఉంచి కలిపి, శీలలు కొట్టి, ఆ మొత్తాన్ని ఒకే వస్తువుగా చక్రం మీద సానపడతారు. కాబట్టి ఒక చాకు పలక మరో చాకుకు సరిగ్గా సరిపోదు, రెండూ ఒకే నమూనా అయినా సరే. ఇప్పుడు మరలతో బిగించే స్లిప్‌జాయింట్లు చాలా వస్తున్నాయి. వాటిలో ప్రతి ముక్కనూ కంప్యూటరు నడిపే యంత్రం ముందే తుది కొలతకు కోస్తుంది, తరువాత బిగిస్తారు. విప్పి కడగొచ్చు, పలక మార్చుకోవచ్చు. అది వేరే రకం నైపుణ్యం, తక్కువది కాదు. రేకునూ బోల్స్టర్‌నూ ఒకే లోహపు దిమ్మె నుంచి మలిచి, మధ్య అతుకే లేకుండా చేయడం ఆ యంత్రాల వల్లే తేలికైంది. శీలల చాకులో మాత్రం కూర్పు అయ్యాక తప్పు దిద్దుకునే దారి దాదాపు లేదు. అందువల్ల కూర్చేవాడి శ్రద్ధ అంతా సుత్తి ఎత్తకముందే ఖర్చవుతుంది.

పలకల విషయానికి వస్తే, పాత తరహా చాకుల్లో ఎముకదే పెద్దపీట. అందులోనూ పశువుల ముంగాలి ఎముక. దాని గోడ మందంగా, బల్లపరుపు ముక్కలు కోయడానికి వీలుగా ఉంటుంది. కేస్ కంపెనీ బ్రెజిల్ జెబూ పశువుల ఎముక వాడుతుంది. మూపురం ఉన్న ఆ జెబూ జాతుల్లో మన ఒంగోలు సంతతి కూడా ఉంది, బ్రెజిల్ వాళ్ళు ఆ గిత్తలను ఇక్కడి నుంచే తీసుకుపోయి పెంచుకున్నారు. ఎముకలో కొవ్వు మిగిలితే రంగు పట్టదు. అందుకని శుభ్రంగా కొవ్వు తీసి, పలకలుగా కోసి, తిరిగే కత్తితో పైన వరసగా గాట్లు పెట్టి, రంగు నీళ్ళలో ఉంచుతారు. గాట్లు దుప్పి కొమ్ము గరుకుదనాన్ని అనుకరించడానికి మొదలైనవి. తరువాత అవే ఒక కళ అయ్యాయి. గాటు ఆకారం చూసి ఏ కంపెనీదో, ఏ కాలానిదో చెప్పేవాళ్ళు ఉన్నారు. రంగు ఎముక పైపొరలో చిక్కగా, లోపలికి పోయే కొద్దీ పల్చగా పడుతుంది. చాకును కూర్చాక అంచుల్ని సానపట్టినప్పుడు ఆ పైపొర అరిగి కింది లేత రంగు బయటపడుతుంది. మధ్యలో ముదురు, అంచుల్లో లేత. ఈ నీడలు ఎవరూ విడిగా వేసినవి కావు, సానరాయి చేసినవి.

కేస్ చాకుల బ్లేడు మొదలు మీద ఉండే అంకెల్లోనూ పలక సంగతి దాగి ఉంటుంది. 6254 అని ఉంటే మొదటి 6 గాట్లు పెట్టిన ఎముక పిడి అని, తరువాతి 2 బ్లేడుల సంఖ్య అని, 54 నమూనా అని అర్థం.

దుప్పి కొమ్ముకు ఎముక కంటే గౌరవం ఎక్కువ, పని కూడా ఎక్కువ. గేదె కొమ్ము మన గోరులాంటి పదార్థం. వేడి చేస్తే మెత్తబడుతుంది, పలకల మధ్య అదిమి తిన్నగా చేసుకోవచ్చు. దుప్పి కొమ్ము అలా కాదు, అది ఎముకే. ఏటా ఊడి, మళ్ళీ మొలుస్తుంది. లోపల స్పంజిలా గుల్ల ఉంటుంది. కణుజు కొమ్ములో ఆ గుల్ల తక్కువ, చుట్టూ గట్టి గోడ ఎక్కువ. అందుకే షెఫీల్డ్ నుంచి అమెరికా దాకా చాకు పనివాళ్ళు మన దేశపు కణుజు కొమ్మునే కోరుకున్నారు. నల్లమలలోనూ తిరిగే ఈ పెద్ద దుప్పి అడవిలో రాల్చిన కొమ్ములు ఓడలెక్కి అక్కడికి చేరేవి. 1990ల చివర్లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అది సరైన పని. రాలిన కొమ్ముకు ధర ఉన్నంతకాలం, చంపి తీసిన కొమ్మును దాన్నుంచి విడదీసి చూడడం కష్టం. ఆ తరువాత విదేశీ పనివాళ్ళు పాత నిల్వలతోనూ, ఇతర జింక జాతుల కొమ్ములతోనూ గడుపుతున్నారు.

కొమ్ము పలకలో కష్టం ఏమిటంటే, దాని అందమంతా పై బెరడులోనే ఉంది. ఎముకలా పైనుంచి అరగదీసి సమం చేస్తే ఆ బెరడు పోతుంది. కాబట్టి మందం తగ్గించాల్సినదంతా అడుగు నుంచే తగ్గించాలి. రెండు చివర్లా బోల్స్టర్ ఎత్తుకు సరిగ్గా దిగాలి, మధ్యలో సహజమైన ఎగుడుదిగుడు అలాగే మిగలాలి. పైగా చాకు అటు పలక, ఇటు పలక ఒకే తీరుగా కనిపించాలి. ఒకే కొమ్ములో పక్కపక్క భాగాల నుంచి కోసినా గాళ్ళు, రంగు ఒక్కలా ఉండవు. జత కుదిర్చేవాడి కన్ను అక్కడ పనికొస్తుంది. కొమ్ము పిడి చాకుల ధర ఎక్కువగా ఉండడానికి పదార్థం అరుదు కావడం ఒక్కటే కారణం కాదు.

కర్ర గురించి కొద్దిగా చెబితే చాలు. నల్లచేవ మాను, రోజ్‌వుడ్, ఎడారి ఐరన్‌వుడ్ లాంటి నూనె ఉన్న గట్టి కర్రలు వాడతారు. మెత్తని కర్ర అయితే గాలి తీసేసిన పాత్రలో ఉంచి, లోపలి రంధ్రాల్లోకి రెసిన్ ఎక్కించి గట్టిపరుస్తారు. ముత్యపుచిప్ప అందమైనదే, కానీ పెళుసు. దాని మీద శీల తల కొట్టడం గుండె చిక్కబట్టుకుని చేసే పని.

ఎముక, కొమ్ము, కర్ర అన్నిటికీ ఒకే గుణం ఉంది. తేమకు పెరుగుతాయి, పొడి వాతావరణానికి కుంచించుకుపోతాయి. ఇత్తడి అలా చేయదు. పలక కుంచించుకుంటే బోల్స్టర్ దగ్గర సన్నని చీలిక పడుతుంది. శీల దగ్గర బిగువు ఎక్కువైతే పలక పగులుతుంది. అందుకని పలకను బాగా ఆరబెట్టాకే వాడతారు, శీల రంధ్రాన్ని శీల కంటే వెంట్రుకవాసి పెద్దదిగా తొలుస్తారు. తల కొట్టేటప్పుడు శీల లావెక్కుతుందని వాళ్ళకు ముందే తెలుసు, ఆ లావుకు చోటు ముందే వదులుతారు. కొన్ని చోట్ల సుత్తికి బదులు, గిర్రున తిరుగుతూ శీల తలను మెల్లగా పరిచే యంత్రం వాడతారు. పలకకు దెబ్బ తగలదు.

ఈ పెరగడం తరగడం బాధ చాలావరకు లేనిది మైకార్టా. 1910 ప్రాంతంలో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ విద్యుత్ పరికరాల్లో కరెంటు పారకుండా అడ్డు పెట్టడానికి దీన్ని తయారు చేసింది. కాగితమో, నారబట్టో, కాన్వాసో పొరలు పొరలుగా ఫినాలిక్ రెసిన్‌లో నానబెట్టి, వేడిలో గట్టిగా అదిమితే రాయిలాంటి పలక వస్తుంది. మన బల్లల మీద అంటించే సన్‌మైకా కూడా ఈ కుటుంబానిదే. ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగదు. పిడి ఆకారానికి అరగదీస్తే పొరలు ఒక్కొక్కటిగా బయటపడి, పటంలో కొండల ఎత్తు చూపే గీతల్లా వంపులు తిరుగుతాయి. బట్టతో చేసిన మైకార్టాను మెరుగు పెట్టకుండా వదిలేస్తే చేతి నూనె పీల్చుకుని ఏడాది తిరిగేసరికి రంగు ముదురుతుంది, పట్టు కూడా బాగుంటుంది. పాత రూపాల చాకులకు ఇది కొత్తగా వచ్చి చేరిన పదార్థమే అయినా, నిజాయితీగా సరిపోయిందని నా అభిప్రాయం. ఇది ఎముకనో కొమ్మునో అనుకరించదు, తన పొరల్ని తానే చూపిస్తుంది. గాజు బట్టతో చేసే జి-10 ఇంకా గట్టిది, కానీ చేతికి చల్లగా, పరాయిగా ఉంటుంది.

షెఫీల్డ్ చాకుల పలక మీద చిన్న లోహపు బిళ్ళ పొదిగి ఉంటుంది, పేరు చెక్కించుకోవడానికి. ఆ బిళ్ళకు గుంట తీసే పద్ధతి చూడదగ్గది. బిళ్ళ ఆకారంలో కోసిన ఉక్కు అచ్చును పలక మీద బిగిస్తారు. విల్లుతో తిప్పే ఒక బరమాకు రెండు కాళ్ళున్న మొన ఉంటుంది. ఆ కాళ్ళు స్ప్రింగులా విచ్చుకునే గుణం ఉన్నవి. పనివాడు రొమ్ముకు కట్టుకున్న పలకతో బరమాను నొక్కి విల్లు ఆడిస్తే, కాళ్ళు తిరుగుతూ విచ్చుకుని అచ్చు అంచుదాకా పోయి ఆగుతాయి. గుంట అచ్చు ఆకారంలో, అడుగు అంతటా ఒకే లోతులో తెగుతుంది. గుండ్రంగా తిరిగే సాధనంతో మూలలున్న గుంట తీయడం ఇది. కరెంటు లేని కాలంలో ఎవరు ఆలోచించారో గానీ, అచ్చు తయారుగా ఉంటే ఎన్ని పలకలకైనా ఒకే బిళ్ళ దిగుతుంది.

చివరి సాన దగ్గర అన్ని పదార్థాలూ ఒకేసారి చక్రానికి తగులుతాయి. ఉక్కు నెమ్మదిగా అరుగుతుంది, ఇత్తడి త్వరగా, ఎముక ఇంకా త్వరగా. ఒకే ఒత్తిడితో నొక్కితే మెత్తనిది లోతుకు పోయి, గట్టిది గట్టులా మిగులుతుంది. పనివాడి మణికట్టు బోల్స్టర్ మీద కాస్త ఆగి, ఎముక మీద తేలికగా సాగిపోవాలి. వేడెక్కితే ఎముక మాడుతుంది, కొమ్ము వంగుతుంది, అందుకని మధ్యమధ్య చల్లారనివ్వాలి. ముత్యపుచిప్ప, మైకార్టా, జి-10 అయితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మూతికి మాస్కు, దుమ్మును లాగేసే గొట్టం లేకుండా చేయకూడదు. యంత్రాలు ఎంత పెరిగినా ఈ చివరి సానను పెన్సిల్వేనియా కార్ఖానాల్లో ఇప్పటికీ మనుషుల చేతులే పడుతున్నాయి.

ఈ పనులన్నీ ఒక్కడే చేయగలడని చూపించినవాడు షెఫీల్డ్‌కు చెందిన స్టాన్ షా. 1926లో పుట్టి, పద్నాలుగేళ్ళ వయసులో జార్జ్ ఇబర్సన్ కంపెనీలో చేరాడు. షెఫీల్డ్‌లో మామూలుగా బ్లేడు కొట్టేవాడు ఒకడు, సానపట్టేవాడు ఒకడు, పిడి కూర్చేవాడు ఇంకొకడు. షా మాత్రం చాకును మొదటి నుంచి చివరిదాకా తానే చేసేవాడు. అతని చాకుల కోసం జనం ఏళ్ళ తరబడి వరసలో ఉండేవారు. 2017లో బ్రిటిష్ ప్రభుత్వం పతకంతో గౌరవించింది. 2021లో పోయాడు.

పిడిని ఇంత కష్టపడకుండా చేసే దారులూ ఉన్నాయి, వాటిలోనూ తెలివి ఉంది. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ ఎర్ర చాకులో లోపలి చట్రం శీలలతో పూర్తిగా బిగుసుకుని ఉంటుంది. ప్లాస్టిక్ పలకల అడుగున ఉన్న గుంటలు ఆ శీలల తలల మీద టక్కున కూర్చుంటాయి. పలక మీద ఏ భారమూ పడదు, పగిలితే నిమిషంలో మార్చొచ్చు. ఫ్రాన్సు ఒపినెల్ ఇంకా సరళం. ఒకే బీచ్ కర్ర ముక్కలో రంపపు కోత, చివర లోహపు వలయం, ఒక ఇరుసు. స్ప్రింగే లేదు. 1955 నుంచి బ్లేడును ఆపే తిరుగుడు వలయం ఒకటి చేరింది. తడిస్తే కర్ర ఉబ్బి బ్లేడు రానంటుంది, ఆరితే మళ్ళీ వస్తుంది.

పాత తరహా చాకు కొనేటప్పుడు బ్లేడు కంటే ముందు వీపు చూడండి. వెలుతురుకు ఎదురుగా పట్టి స్ప్రింగుకూ రేకులకూ మధ్య సందు ఉందేమో చూడండి. మూసి, సగం తెరిచి, పూర్తిగా తెరిచి మూడు సార్లూ వేలితో తడమండి. బోల్స్టర్ పక్కన పలక చేరిన చోట గోరు తట్టుకుంటుందేమో చూడండి. కొన్నాక ఇరుసులో ఒక చుక్క నూనె వేయండి. ఎముక, కొమ్ము, కర్ర పిడుల్ని నీళ్ళలో నానబెట్టకండి, ఎండలో వదలకండి. ఇంట్లో తాతల కాలపు సెల్యులాయిడ్ పిడి చాకు ఉంటే దాన్ని మిగతావాటితో ఒకే పెట్టెలో పెట్టవద్దు. ముసలిదైన సెల్యులాయిడ్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, దాని బ్లేడుతో పాటు పక్క చాకుల బ్లేడులు కూడా తుప్పుపడతాయి.